పులవని పెరుగు

మా తమ్ముడికి నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదన్న సంగతి నేను మొదట కనిపెట్టింది ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాల దగ్గర.

వాడిది రేపల్లె. పెళ్ళిళ్ళకీ చర్చి సభలకీ మైకు సెట్టు, లైట్లు అద్దెకిచ్చేవాడు. నేను తెనాలిలో ఉంటాను. బాపట్లలో ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన పోయినప్పటి నుంచీ ఇంట్లో ఒక్కదాన్నే. తమ్ముడు వైర్లో బల్బులో కొనడానికి తెనాలి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో భోజనం చేసి సాయంత్రం బండికి వెళ్ళేవాడు. ఆ రోజు కోడికూర వండాను. వాడు ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. చిదిపి సగం చేశాడు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేశాడు. ఆఖరికి వేలితో పళ్ళ సందులోంచి లోపలికి తోసుకుంటున్నాడు.

"ఏంట్రా అది?" అన్నాను.

"ఏం లేదక్కా. దవడ పట్టేసింది. కారం తగిలితే మంట పుట్టిద్ది."

"ఎప్పట్నించి?"

"ఉందిలే, చాన్నాళ్ళ నించి. పెరుగుంటే వెయ్యి."

కోడికూర పక్కకి జరిపి పెరుగన్నం కలిపిచ్చాను. అదీ గబగబా తినలేకపోయాడు. తిన్నాక వెలుగులోకి తీసుకెళ్ళి నోరు తెరవమన్నాను. తెరిచినంత తెరిచాడు. నా రెండు వేళ్ళు పట్టేంత సందు కూడా లేదు. బుగ్గ లోపల సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. గుట్కా సంగతి నాకు తెలియనిది కాదు, వాడి వీధిలో అందరికీ తెలుసు. రాత్రుళ్ళు సభలు నడిపించేవాళ్ళకి నిద్ర ఆపుకోవడానికి అదొక ఆసరా అనేవాడు. నేను తిడితే నవ్వేవాడు. ఆ రోజు తిట్టలేదు. "రేపు గుంటూరు పోదాం" అన్నాను. వాడు కాదనలేదు. ఆ కాదనకపోవడానికే నాకు భయం వేసింది.

వాడి గొంతు గురించి చెప్పాలి. వేమూరు దగ్గర పల్లెలో మేము పుట్టాం. మా అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. తను పనికి వెళ్ళే రైతుల ఇంట్లో పొద్దున్నే వెన్న తీశాక మజ్జిగ పోసేవాళ్ళు. అమ్మ చెంబు పట్టుకుని వాళ్ళ పెరట్లో నిలబడి పోయించుకొచ్చేది. మా ఇంట్లో పెరుగు అనే మాటే తక్కువ. ఆ మజ్జిగ చద్దన్నంలో పోసి, ఉప్పూ ఉల్లిపాయా వేసి ఇస్తే తినేవాళ్ళం. తమ్ముడు పచ్చిమిరపకాయలు వరసగా కొరికి, కళ్ళలో నీళ్ళు కారుతుంటే "నాకేం కారం లేదు" అని పందెం గెలిచేవాడు. తొమ్మిదో క్లాసులో ఉండగా క్రిస్మస్‌కి ఎవరో వాడి చేతికి మైకు ఇచ్చారు. వాడు మాట్లాడితే పేట చివరి దాకా వినపడింది. ఆ రోజుతో వాడి బతుకు తేలిపోయింది. చదువు వదిలేసి మైకు సెట్టు వెనక తిరిగాడు, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఎక్కడ సభ జరిగినా "దయచేసి అందరూ కూర్చోవాలండి, వెనకున్న తల్లులు ముందుకు రావాలండి" అని వాడు అంటే జనం నిజంగానే కూర్చునేవాళ్ళు.

గుంటూరులో డాక్టరమ్మ చిన్న వయసుది. చూసి, చేతి తొడుగులు తీసి, వాడితో కాకుండా నాతో మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారండి?"

ముక్క తీసి పరీక్షకి పంపారు. వచ్చింది మేము భయపడిందే. ఆపరేషన్ చేసి నాలుకలో సగం, ఒకవైపు బుగ్గ తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి బుగ్గకి కుట్టారు. ఆ కుట్లు మానాక కరెంటు పెట్టాలన్నారు, రేడియేషన్ అన్నమాట. రోజూ గుంటూరు వెళ్ళి రావాలి, రేపల్లె నుంచి అది కుదిరే పని కాదు. అందుకని వాణ్ణి మా ఇంటికి తెచ్చుకున్నాను.

వాడి భార్య రొయ్యల కంపెనీలో తలకాయలు తీసే పని చేస్తుంది. తెల్లవారకముందే వ్యాను వచ్చి ఆ వీధిలో ఆడవాళ్ళని ఎక్కించుకుని పోతుంది. ఆమె మానేస్తే ఇల్లు గడవదు. కూతురు ఇంటర్ చదువుతోంది. ఇద్దరూ ఆదివారం ఆదివారం వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు.

కరెంటు మొదలైన కొత్తలో వాడు జోకులు వేశాడు. నాలుక సగం పోయాక మాటల్లో అక్షరాలు కరిగిపోయాయి. బయటివాళ్ళకి అది మాటలాగే అనిపించేది కాదు. నాకు మాత్రం అర్థమయ్యేది. చిన్నప్పుడు వాడికి మాటలు రాని రోజుల్లోనూ నాకే అర్థమయ్యేదట. "జీవితమంతా జనానికి కరెంటు పెట్టా. ఇప్పుడు నాకు పెడుతున్నారు" అన్నాడు. నవ్వబోతే కుట్టిన బుగ్గ లాగింది, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి నోరంతా పుళ్ళు. ఉమ్ము ఊరడం ఆగిపోయింది. ఏది పెట్టినా గొంతులో అంటుకుపోయేది. ఇడ్లీ దిగలేదు. పప్పన్నం దిగలేదు. "మెత్తగా, చల్లగా, కారం లేకుండా పెట్టండి" అన్నారు ఆస్పత్రిలో. అలాంటిది ఈ లోకంలో పెరుగన్నం ఒకటే. అయితే అక్కడ ఒక చిక్కు ఉందని ఎవరూ చెప్పలేదు. పెరుగు కాస్త పులిసినా పుండు మీద నిమ్మకాయ పిండినట్టే. మొదటి రోజు రాత్రి తోడు పెట్టిన పెరుగు కలిపి పెడితే, మంచం పట్టె పట్టుకుని వెనక్కి వాలిపోయాడు. కళ్ళలో నీళ్ళు. ఈసారి "నాకేం లేదు" అనలేదు.

అప్పటి నుంచి నా బతుకంతా పులవని పెరుగు చుట్టూ తిరిగింది. వేసవి. రాత్రి తోడు వేస్తే తెల్లారేసరికే పులుపు ఎక్కుతుంది. పొద్దున వేస్తే నేను బాపట్ల బండి ఎక్కాలి, తోడుకున్న గిన్నెని సమయానికి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు లేరు. గిన్నె చల్లబడకపోతే పులుస్తుంది, తొందరపడి లోపల పెడితే తోడుకోదు. ఆ పని వాడే చేస్తానన్నాడు.

"నేనున్నాగా ఇంట్లో. ఏం పని నాకు?"

పొద్దున్నే పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక మజ్జిగ చుక్క వేసి మూత పెట్టి వెళ్ళేదాన్ని. వాడు దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గిన్నెని కాస్త వంచి చూసేవాడు. నేను స్టాఫ్ రూములో ఉండగా ఫోన్‌కి ఒక మాట వచ్చేది. "తోడుకుంది". అంతే. పక్క టీచరు "ఎవరు మేడం?" అంటే "మా తమ్ముడు" అనేదాన్ని. మైకులో ఊరంతటితో మాట్లాడిన మనిషి రోజుకి ఆ ఒక్క మాట మాట్లాడేవాడు.

సాయంత్రం దిగి ఇంటికి రాగానే అన్నం వండేదాన్ని. మామూలు కంటే నీళ్ళు బాగా ఎక్కువ పోసి, మెతుకు మెతుకులో కలిసిపోయేదాకా. వేడి మీదే గరిటె వెనకవైపుతో మెదిపి, కాచిన పాలు పోసి, బాగా చల్లారనిచ్చి, అప్పుడు పెరుగు. వేడి అన్నంలో పెరుగు వేస్తే విరిగి నీళ్ళు వదులుతుంది, అది వాడి గొంతులో పొరలా నిలబడేది. ఉప్పు చిటికెడు. తర్వాత ఆ చిటికెడు కూడా మంట అన్నాడు, మానేశాను. అల్లం రసం రెండు చుక్కలు వేసేదాన్ని, అదీ పోయింది. పోపు సంగతి మొదట్లోనే అయిపోయింది. ఆవగింజ ఒకటి పుండులో ఇరుక్కుంటే తీయడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

ఒకరోజు వాడు గిన్నెలోకి చూస్తూ, "పోపు పెట్టక్కా" అన్నాడు.

"తినలేవురా."

"తినను. వాసన చూస్తా."

పోపు గరిటెలో నూనె పోసి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువ వేశాను. చిటపటలాడుతుండగానే తెచ్చి వాడి ముందు పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని పీల్చాడు. చప్పటి అన్నం ఒక చెంచా తీసుకున్నాడు, మళ్ళీ పీల్చాడు. అలా ఆ గిన్నె మొత్తం తిన్నాడు. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు అదే పద్ధతి. పోపు నేను నా అన్నంలో కలుపుకునేదాన్ని. ఒకరోజు గరిటె పట్టుకుంటే తల అడ్డంగా ఊపాడు.

"ఏం?"

"వాసన రావట్లా."

నూనె ఇంకా పొగలు కక్కుతోంది. నాకు తుమ్ము వచ్చింది.

అయినా కరెంటు పూర్తయింది. పుళ్ళు మెల్లగా మానాయి. డాక్టరమ్మ చూసి, ప్రస్తుతానికి ఏమీ కనపడటం లేదు, జాగ్రత్తగా ఉండండి అంది. వర్షాకాలంలో వాడు రేపల్లె వెళ్ళిపోయాడు. నేను కూడా అందరిలాగే నమ్మాను. చర్చిలో వాడి కోసం ప్రార్థన చేసినవాళ్ళకి చేతులు జోడించి కృతజ్ఞత చెప్పాను.

క్రిస్మస్‌కి రేపల్లె వెళ్ళాను. మైకు సెట్టు వాడిదే, మాట్లాడేది మాత్రం వేరే ఎవరో. వాడు పక్కన కూర్చుని మీటలు తిప్పుతున్నాడు. అవతలివాడి గొంతు కీచుమన్నప్పుడల్లా ముఖం చిట్లించుకుని సరిచేస్తున్నాడు. ఆరాధన అయ్యాక కనపడలేదు. వెతుక్కుంటూ చర్చి పక్క సందులోకి వెళ్తే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మిగిలిన బుగ్గ ఉబ్బి ఉంది. నన్ను చూసి ఉమ్మడానికి కూడా ప్రయత్నించలేదు.

"ఏంట్రా ఇది?"

"ఒక్కటే అక్కా. రోజుకొకటే."

"నీకేమైనా మతి ఉందా? అంత కోయించుకుని..."

"నాకేం రుచి తెలియట్లా అక్కా" అన్నాడు. "బిర్యానీ తిన్నా, బెల్లం తిన్నా మట్టే. పెరుగన్నం తిన్నా మట్టే. ఇదొక్కటే తెలిసిద్ది. నోట్లో ఏదో ఉందని తెలిసిద్ది."

ఇరవై ఏళ్ళకి పైగా పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. వాడి చేతిలోంచి ఖాళీ పొట్లం తీసుకుని నా సంచిలో దాచాను. లోపల అప్పుడే పాట మొదలైంది. వాడు నోరు పుక్కిలించుకుని, తుడుచుకుని, మీటల దగ్గరికి వెళ్ళిపోయాడు.

గుట్కా మానలేదనే మళ్ళీ వచ్చిందో, మానినా వచ్చేదో నాకు తెలియదు. డాక్టరమ్మని అడిగితే "ఇప్పుడు అది ఆలోచించకండి" అంది. చలి తగ్గకముందే మెడ మీద గడ్డ తేలింది, ఈసారి త్వరగా పెరిగింది. ఆపరేషన్ కుదరదన్నారు. "ఇంటికి తీసుకెళ్ళండమ్మా. ఆకలి కాకుండా, నొప్పి లేకుండా చూసుకోండి" అన్నారు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పంపారు.

మళ్ళీ మా ఇంటికే తెచ్చాను. గొట్టంలో పోయడానికి పాలు, రాగి జావ, పళ్ళ రసం చెప్పారు. వాడు ఫోన్ తీసుకుని "పెరుగన్నం" అని కొట్టి చూపించాడు. అప్పటికి నాకు కూడా వాడి మాట అర్థం కావడం మానేసింది.

"గొట్టంలో పోస్తే నీకేం తెలుస్తుందిరా?"

మళ్ళీ అదే మాట చూపించాడు.

సరేనని అన్నం మెత్తగా వండి, పెరుగు కలిపి, మిక్సీ వేసి, పలచగా చేసి వడకట్టి పోసేదాన్ని. వాడి ఎదురుగా కూర్చునే కలపాలి. వంటింట్లో కలిపి తెస్తే ఒప్పుకోడు. నేను సిరంజితో పోస్తుంటే వాడి గొంతు మింగుతున్నట్టు కదిలేది. అక్కడ మింగడానికి ఏమీ లేదు. అయినా కదిలేది. అది చూడలేక సిరంజి మీద గీతలు చూసేదాన్ని.

ఒక ఆదివారం వాడి భార్య వచ్చి ఉంది. నేను అన్నం కలుపుతున్నాను. వాడు చెయ్యి చాచి గిన్నె వైపు చూపించి, తర్వాత తన నోటి వైపు చూపించాడు. వద్దన్నాను. మళ్ళీ చూపించాడు. "పెట్టండి వదినా, పాపం అడుగుతున్నాడు కదా" అంది ఆమె. వేలి చివరతో కొంచెం తీసి నాలుక మీద పెట్టాను. వాడు పెదాలు మూశాడు. ఒక్క క్షణం అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది. అప్పుడు బుగ్గకి కుట్టిన చోట గడ్డ తేలినప్పటి నుంచీ పుండు మళ్ళీ తెరుచుకుని ఉందే, అక్కడి నుంచి తెల్లగా కారింది. మెడ మీదుగా చొక్కా మీదికి.

వాడే తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు. తుడుచుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఇంక మా ఇంటికి తీసుకుపోతా."

"నీ పని?"

"మానేశా."

"మానేస్తే ఎట్లా అమ్మాయ్? ఇక్కడుంటే ఏమైనా అయితే గుంటూరు దగ్గర..."

"ఏమవుద్ది వదినా ఇంక?" అంది. అరవలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. "పోయేదేదో మా ఇంట్లో పోతాడు. పిల్లకి కనపడతా ఉంటాడు."

వాడి వైపు చూశాను. తల ఊపాడు. మర్నాడు కారు మాట్లాడుకుని వెళ్ళిపోయారు.

నేను ఆదివారం ఆదివారం రేపల్లె వెళ్ళేదాన్ని. ఒకసారి పెరుగు తోడు వేసి డబ్బాలో పోసి, తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. జంపని దాటి వేమూరులో బండి చాలాసేపు నిలబడింది. ఎండ కిటికీలోంచి సరిగ్గా డబ్బా మీదే పడింది. కొంగు కప్పాను. రేపల్లెలో మూత తీసేసరికి నీళ్ళు వదిలేసి, పుల్లటి వాసన కొడుతోంది. వంటింట్లో చూస్తే గట్టు మీద ప్యాకెట్ పెరుగు కత్తిరించి పెట్టి ఉంది.

"ఇది పోస్తున్నావా?"

"గొట్టంలో పోసేదానికి ఏ పెరుగైతే ఏంటి వదినా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మెల్లగా, చుక్క కింద పడకుండా, నాకంటే నేర్పుగా పోస్తోంది. నేను తెచ్చిన పెరుగుని పెరటి కాలవలో పారబోసి డబ్బా కడుక్కున్నాను.

వాడు పోయింది వారం మధ్యలో, పొద్దున పూట. నేను క్లాసులో ఉన్నాను. ఫోన్ చేసింది పిల్ల. "అత్తా, నాన్న లేవట్లేదు" అంది. బాపట్ల నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె. నిడుబ్రోలులోనూ చుండూరులోనూ జనం ఎక్కారు, దిగారు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి తెల్ల చొక్కా తొడిగి పడుకోబెట్టారు. గొట్టం తీసేశారు. ముక్కు దగ్గర ప్లాస్టర్ అంటించిన గుర్తు మాత్రం ఉంది. పుండు కనపడకుండా బుగ్గ మీద దూది పెట్టారు.

వాడి జ్ఞాపకంగా పెట్టిన ఆదరణ కూడిక రోజు ఇంటి ముందు షామియానా వేశారు. మైకు సెట్టు వాడి దగ్గర పని నేర్చుకున్న ఒకతను తెచ్చాడు, వాడిది అప్పటికే అమ్మేశాం. పాస్టరుగారు మాట్లాడారు. వాడి గొంతు గురించి చెప్పారు. దేవుడు దూతల మధ్య ఆ గొంతు మళ్ళీ వింటాడన్నారు. చుట్టూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను. ఆ గొంతు నాకు ఆ షామియానాలో కావాలి.

తర్వాత భోజనాలు. ఆఖర్న పెరుగన్నం పెట్టారు. దానిమ్మ గింజలు, జీడిపప్పు, నేతి పోపు. పక్కన కూర్చున్నావిడ "పెరుగన్నం చాలా బాగుందండి, కాస్త వెయ్యి బాబూ" అని రెండోసారి వేయించుకుంది. నాకూ వేశారు. వద్దనాలనుకున్నాను, అనలేదు. కలుపుకుని తిన్నాను. కమ్మగా ఉంది. ఉప్పు సరిపోయింది, అల్లం తగులుతోంది, పులుపు లేదు. నా నోట్లో అన్నీ తెలుస్తున్నాయి. ఆ తెలియడం మీద నాకు వచ్చినంత కోపం ఆ జబ్బు మీద కూడా రాలేదు. విస్తరిలో ఏమీ మిగల్చలేదు. విస్తరి మడిచి చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

పిల్లని తెనాలి తెచ్చుకుని చదివిద్దామనుకున్నాను. ఇంటర్ ఆఖరి పరీక్షలు రాయలేకపోయింది, మళ్ళీ కట్టిస్తానన్నాను. మళ్ళీ రొయ్యల కంపెనీలో చేరిన తల్లి ఒప్పుకుంది. పిల్ల బట్టల సంచితో వచ్చింది. మంచి పిల్ల, ఇల్లు ఊడ్చేది, నేను వచ్చేసరికి అన్నం వండి ఉంచేది. పుస్తకం తెరిచి అదే పేజీ దగ్గర కూర్చునేది. వాళ్ళ నాన్న పడుకున్న గదిలోకి మాత్రం వెళ్ళేది కాదు. తన బట్టలు నా మంచం కింద పెట్టుకుంది. ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి సంచి సర్ది గుమ్మంలో పెట్టుకుని ఉంది.

"అమ్మ ఒక్కతే ఉంటుంది అత్తా."

"అమ్మ చెప్పిందా రమ్మని?"

"చెప్పలా. నేనే పోతా."

"మరి పరీక్ష?"

తల వంచుకుంది. "వ్యానులో చోటుందంట" అంది.

ఏ వ్యానో నేను అడగలేదు. స్టేషన్‌కి తీసుకెళ్ళి రేపల్లె బండి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుంది. ఆకలేస్తుందేమో ఏమైనా కొనిపెట్టనా అంటే వద్దంది. "అమ్మని కంపెనీలో చేతికి తొడుగులు వేసుకోమను, నువ్వూ వేసుకో, ఐసులో చేతులు చెడిపోతాయి" అని చెప్పాను. "సరే అత్తా" అంది. బండి కదిలింది. నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద పూల బుట్టలవాళ్ళు నన్ను తప్పుకోమంటే పక్కకి జరిగాను.